మిలిటరీ లాయర్ కావడం ఎలా? యూనిఫాం దారి, నల్లకోటు దారి

ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, జిల్లా కోర్టులో రెండు మూడేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆర్మీ కేసులు చూడాలంటే ఏం చెయ్యాలి?" ఈ ఒక్క ప్రశ్నలో రెండు వేర్వేరు వృత్తులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, సైన్యంలో అధికారిగా చేరి జడ్జ్ అడ్వొకేట్ జనరల్ విభాగంలో పనిచెయ్యడం. అందరూ దాన్ని జాగ్ అంటారు. రెండోది, అడ్వొకేటుగానే ఉండి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌లోనూ (సైనికుల సర్వీసు, పెన్షన్ వివాదాలు వినే ప్రత్యేక న్యాయస్థానం) కోర్టు మార్షళ్లలోనూ (సైన్యం తనవాళ్ల మీద తానే నడిపే నేర విచారణలు) సైనికుల తరఫున నిలబడటం.

ఏ దారి మీదో తేల్చుకునే ముందు ఒక అపోహ వదిలించుకోండి. జాగ్ అధికారి రోజూ లేచి వాదించడు. కమాండర్లకు న్యాయ సలహా ఇవ్వడం, ఛార్జిషీటు నిలుస్తుందో లేదో చూడటం, సాక్ష్యాల సారాంశం పరిశీలించడం, కోర్టు మార్షల్‌లో జడ్జ్ అడ్వొకేటుగా కూర్చుని చట్టం ఏమంటుందో సభ్యులకు చెప్పడం అతని పని. జనరల్ కోర్టు మార్షల్‌లో అతను ఉండి తీరాలి, కానీ తీర్పులో అతనికి ఓటు లేదు. ట్రిబ్యునల్‌లో కేంద్రం తరఫున మాట్లాడేది సాధారణంగా ప్యానెల్ లాయరు. ఫైలు సిద్ధం చేసి పక్కన నిలిచేది సైనిక లీగల్ సెల్. వాదనంటేనే మోజున్నవాళ్లకు నల్లకోటు దారే నయం. క్రమశిక్షణ, బదిలీలు, అధికారి జీవితం ఇష్టమైతే జాగ్‌కు వెళ్లండి.

రెండూ ఒకేసారి కుదరవు. పూర్తికాలం జీతగాడు అడ్వొకేటుగా ప్రాక్టీసు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ నియమం. జాగ్‌లో చేరితే సనదు (అడ్వొకేటుగా ప్రాక్టీసు అనుమతి) పక్కన పెట్టాల్సిందే.

చేతిలో ఉండాల్సినవి

జాగ్‌కు:
- ఎల్‌ఎల్‌బీలో మొత్తం మీద కనీసం 55 శాతం (మూడేళ్లదైనా ఐదేళ్లదైనా)
- వయసు 21 నుంచి 27 మధ్య
- అవివాహితులై ఉండటం, అబ్బాయిలైనా అమ్మాయిలైనా
- బార్ కౌన్సిల్‌లో నమోదుకు అర్హత
- క్లాట్ పీజీ (ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష) స్కోరు

ట్రిబ్యునల్ ప్రాక్టీసుకు:
- రాష్ట్ర బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంటు, ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) పాసైన సర్టిఫికెట్
- ఆర్మీ చట్టం 1950, ఆర్మీ రూల్స్ 1954, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 2007, దాని ప్రొసీజర్ రూల్స్ 2008
- పెన్షన్ రెగ్యులేషన్లు, వైకల్య పెన్షన్ అర్హత నిబంధనలు (1982, 2008, 2023 మూడూ)
- నేవీ, ఎయిర్‌ఫోర్స్ కేసులు తీసుకుంటే నేవీ చట్టం 1957, ఎయిర్‌ఫోర్స్ చట్టం 1950

ట్రిబ్యునల్‌కని విడిగా పరీక్షో లైసెన్సో ఏదీ లేదు.

మొదటి దారి: జాగ్

1. క్లాట్ పీజీ ముందు రాయండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నోటిఫికేషన్ వచ్చాక పరీక్ష సంగతి చూద్దామనుకుంటారు. అప్పటికి పరీక్ష అయిపోయి ఉంటుంది. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. ఎల్‌ఎల్‌ఎం చదివినవాళ్లకూ ఈ స్కోరు తప్పదు. మీరు పెట్టే స్కోరు ఏ సంవత్సరానిదై ఉండాలో నోటిఫికేషన్‌లో ఆ వాక్యం వెతికి చదవండి.

2. దరఖాస్తు. ఏడాదికి రెండుసార్లు ఆర్మీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైటులో నోటిఫికేషన్ వస్తుంది. 54.8ని 55గా వేసుకోకండి. ఎస్‌ఎస్‌బీలో (అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) పత్రాల పరిశీలన దగ్గర అది బయటపడి అక్కడినుంచే తిప్పి పంపుతారు. పదో తరగతి సర్టిఫికెట్లో పేరు, ఇంటిపేరు ఎలా ఉన్నాయో అక్షరం మారకుండా అలాగే నింపండి. మన దగ్గర ఒక సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ మరోదాంట్లో పూర్తిగానూ ఉండటం మామూలే. తేడా ఉంటే అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి.

ఖాళీలను మగవాళ్లకు ఇన్ని, ఆడవాళ్లకు ఇన్ని అని విడగొట్టే పద్ధతిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఉమ్మడి మెరిట్ జాబితా వెయ్యమంది. పాత కోచింగ్ నోట్సులోని ఖాళీల లెక్కలు చూసి నిరుత్సాహపడకండి.

3. ఎస్‌ఎస్‌బీ, ఐదు రోజులు. మొదటి రోజు వడపోత: రీజనింగ్ పరీక్ష, ఒక బొమ్మ చూసి కథ రాసి గుంపులో చర్చించడం. అది దాటినవాళ్లకు మిగతావి. సైకాలజీలో 60 పదాలు, పదానికి 15 సెకన్లు. 60 సందర్భాలు, మొత్తం 30 నిమిషాలు. ఆ తర్వాత మైదానంలో గ్రూపు పనులు, ఇంటర్వ్యూ, చివర కాన్ఫరెన్స్.

లా చదివినవాళ్లు ఇక్కడ చేసే తప్పు గ్రూపు చర్చలో ఎదుటివాణ్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడం. వాళ్లు చూసేది వాదన గెలుస్తారా అని కాదు, నలుగురినీ కలుపుకొని పని జరిపిస్తారా అని. ఇంటర్వ్యూలో చట్టం అడుగుతారు: కోర్టు మార్షళ్లు ఎన్ని రకాలు, రాజ్యాంగం 33వ అధికరణం ఏమంటుంది, సైనికుడు చేసిన నేరాన్ని మామూలు క్రిమినల్ కోర్టు ఎప్పుడు విచారిస్తుంది, ఇలాంటివి. నాలుగు రకాల పేర్లూ (జనరల్, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్, సమ్మరీ) తడుముకోకుండా చెప్పాలి.

సిద్ధమయ్యారో లేదో చూసుకునే పద్ధతి: గడియారం పెట్టుకుని 60 పదాలకూ వాక్యాలు రాయండి. పది కంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఇంకో నెల సాధన కావాలి.

4. మెడికల్. చూపు, బరువు, చెవిలో గుబిలి, చదును పాదాలు, పచ్చబొట్లు. తిప్పి పంపే కారణాల్లో ఇవి తరచూ ఉంటాయి. ఎస్‌ఎస్‌బీకి మూడు నెలల ముందే ఈఎన్‌టీ, కంటి డాక్టర్లకు చూపించుకోండి. అన్‌ఫిట్ అన్నంతమాత్రాన కథ అయిపోలేదు, అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లే హక్కుంది. దాని గడువును ఆ రోజే డైరీలో రాసుకోండి.

5. శిక్షణ, ఆ తర్వాత. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాలు. పరుగు ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. 2.4 కిలోమీటర్లు అబ్బాయిలు పదిన్నర నిమిషాల్లో, అమ్మాయిలు పదమూడు నిమిషాల్లో పూర్తి చేసే స్థాయి లక్ష్యంగా పెట్టుకోండి. బయటికి వచ్చేది లెఫ్టినెంటుగా. మూల వేతనం 56,100తో మొదలవుతుంది, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, మిగతా భత్యాలు. చేరేది షార్ట్ సర్వీస్ కమిషన్‌తో, అంటే పరిమిత కాలానికి: పదేళ్లు, మరో నాలుగేళ్లు పొడిగింపు. రిటైర్మెంటు దాకా కొనసాగే పర్మనెంట్ కమిషన్‌కు విడిగా ఎంపిక ఉంటుంది. సైనిక చట్టంలో అసలు చదువు నాగపూర్ దగ్గర కామఠీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మిలిటరీ లాలో.

జాగ్ గురించి ఇంతే. ఇక్కడ నియమాలన్నీ నోటిఫికేషన్‌లో దొరుకుతాయి. దొరకనివన్నీ రెండో దారిలో ఉన్నాయి.

రెండో దారి: ట్రిబ్యునల్ ప్రాక్టీసు

ట్రిబ్యునల్ 2009 ఆగస్టులో మొదలైంది. ప్రిన్సిపల్ బెంచి ఢిల్లీలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి. ప్రతి బెంచిలోనూ ఒక జ్యుడీషియల్ సభ్యుడు, ఒక అడ్మినిస్ట్రేటివ్ సభ్యుడు కూర్చుంటారు. రెండో ఆయన జనరల్ స్థాయిలో రిటైరైన సైనికాధికారి. యూనిట్‌లో పనులు ఎలా జరుగుతాయో ఆయనకు మీకంటే బాగా తెలుసు. సైనిక పదాలు తప్పుగా వాడితే ముందు పట్టుకునేదీ ఆయనే.

6. కేసు ట్రిబ్యునల్‌దేనా? ఫీజు మాట్లాడకముందే ఇది తేల్చండి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, కోస్ట్ గార్డ్ వాళ్లు ట్రిబ్యునల్‌కు రాలేరు, వాళ్లకు హైకోర్టే. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లు రావచ్చు. సైనికులవే అయినా బదిలీలు, పోస్టింగులు, సెలవులు ట్రిబ్యునల్ పరిధిలో లేవు. సమ్మరీ కోర్టు మార్షల్ శిక్ష డిస్మిసల్ గానీ మూడు నెలలు మించిన జైలు గానీ అయితేనే ఇక్కడికి వస్తుంది. ఇది చూడకుండా వేసిన పిటిషన్ ఏడాది తర్వాత పరిధి లేదని వెనక్కి వస్తే, ఆ ఏడాదీ క్లయింటుకు దండగే.

7. కాగితాలు తెప్పించండి. మొదట వచ్చేవి ఎక్కువగా వైకల్య పెన్షన్ కేసులే కాబట్టి వాటితోనే చెబుతాను. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), రిలీజ్ మెడికల్ బోర్డు పత్రం (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16), పెన్షన్ తిరస్కరించిన లేఖ, చేరినప్పటి వైద్య పరీక్ష పత్రం, సర్వీసులో ఆసుపత్రిలో ఉన్న రికార్డులు కావాలి. మాజీ సైనికుడి దగ్గర మొదటి రెండే ఉంటాయి. మిగతావి రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు.

దరఖాస్తు సరైన రికార్డ్ ఆఫీసుకు వెళ్లాలి. ఈఎంఈ (వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం), ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ రికార్డులు సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఆర్టిలరీ రికార్డులు నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువి బెంగళూరులో. నేవీ సెయిలర్లవి ముంబై మాన్‌ఖుర్ద్‌లో. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు డిశ్చార్జి బుక్‌లో ఉన్నట్టే రాయండి. నంబరు చివర ఉండే అక్షరం వదిలేస్తే ఫైలు దొరకలేదని జవాబొస్తుంది.

8. మెడికల్ బోర్డు పత్రాన్ని నాలుగు చోట్ల చదవండి.
- జబ్బు పేరు, అది మొదలైన తేదీ, అప్పుడు అతను ఉన్న చోటు. పీస్ స్టేషనా, ఫీల్డా, ఎత్తైన కొండ ప్రాంతమా?
- వైకల్య శాతం. 20కి తగ్గితే దారి కష్టమవుతుంది.
- సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా అన్న గడి. రెండూ కాదని రాస్తే దాన్నే వాడుకలో "నానా" అంటారు.
- దానికి డాక్టర్ రాసిన కారణం. చాలాసార్లు అక్కడ ఒక పొడి వాక్యం తప్ప ఏమీ ఉండదు. మీ కేసుకు అదే ఆయువుపట్టు.

చేరినప్పటి పరీక్షలో జబ్బు నమోదు కాకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని అనుకోవాలనీ, కాదని రుజువు చేసే భారం ప్రభుత్వానిదనీ ధరమ్‌వీర్ సింగ్ కేసులో (2013) సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జాగ్రత్త, ఆ తీర్పు 1982 నిబంధనల మీద నిలిచింది. డిశ్చార్జి తేదీ చూడండి. 2008 నిబంధనల కిందికో 2023 నిబంధనల కిందికో వచ్చే మనిషికి పాత పిటిషన్ కాపీ చేసి పెడితే ఎదుటి ప్యానెల్ లాయరు మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు.

9. అప్పీలు, గడువు. శాఖాపరమైన మార్గాలు, అంటే శాఖలోనే పై అధికారులకు అప్పీలు, వాడకుండా వస్తే ట్రిబ్యునల్ సాధారణంగా తీసుకోదు (ట్రిబ్యునల్ చట్టం 21వ సెక్షను). లెక్క ఇలా వెయ్యండి. తుది తిరస్కరణ జనవరి 10న వస్తే జులై 10లోగా పిటిషన్ వెయ్యాలి. అప్పీలు మార్చి 10న పెట్టి, దానికి జవాబే రాకపోతే సెప్టెంబరు 10 దాకా ఆగాలి. అక్కడినుంచి మరో ఆరు నెలలు, అంటే వచ్చే మార్చి 10 దాకా గడువుంటుంది. అప్పీలు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపండి. రసీదు, ట్రాకింగ్ కాగితం రెండూ ఫైల్లో ఉండాలి. రసీదు లేని అప్పీలు పెట్టనట్టే లెక్క.

ఇరవై ఏళ్ల కింద రిటైరైన మనిషి వస్తే వెనక్కి పంపకండి. పెన్షన్ నెలనెలా జరుగుతున్న నష్టం కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఎంఏ (మిసలేనియస్ అప్లికేషన్) వెయ్యవచ్చు. కానీ బకాయిలు పిటిషన్‌కు ముందు మూడేళ్లకే పరిమితం కావచ్చు (తర్సేమ్ సింగ్, 2008). ఈ మాట క్లయింటుకు మొదటి రోజే చెప్పండి. పాతికేళ్ల బకాయిలు లెక్కేసుకుని కూర్చున్నవాడికి గెలిచాక చెబితే, ఆ గెలుపులో మీకు మిగిలేది తిట్లే.

10. పిటిషన్ రాయడం. దీన్ని ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్) అంటారు. ప్రతివాదులు సాధారణంగా నలుగురు: రక్షణ శాఖ కార్యదర్శి ద్వారా కేంద్ర ప్రభుత్వం, ఆర్మీ చీఫ్, రికార్డ్ ఆఫీసు అధికారి, ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ కంట్రోలర్ (పీసీడీఏ). చివరి ఆయన్ని మరిచిపోతే గెలిచాక డబ్బు దగ్గర పని ఆగిపోతుంది. రిటైరైనవాళ్లు తాము ఉంటున్న ప్రాంతపు బెంచిలోనే వెయ్యవచ్చు.

వాస్తవాలు తేదీల వరసలో ఉండాలి. ఒక పేరాకు ఒక విషయం, దాని పక్కనే అనుబంధం నంబరు. దేశసేవ, త్యాగం అంటూ పేజీలు నింపకండి. ఎదురుగా కూర్చున్న జనరల్ గారికి దాని గురించి మీరు చెప్పనక్కర్లేదు.

కోరికల్లో (ట్రిబ్యునల్‌ను ఏం ఇవ్వమంటున్నారో రాసే భాగం) వైకల్య శాతాన్ని రౌండ్ చెయ్యమని విడిగా అడగాలి. 50 లోపు ఉంటే 50కి, 50 నుంచి 75 మధ్య అయితే 75కి, ఆపైన 100కి. గడువు నిండి మామూలుగా రిటైరైనవాళ్లకూ ఇది వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో (2014 డిసెంబరు) తేలింది. తేడా చిన్నది కాదు. చివరి జీతం 40,000 అనుకుందాం. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 12,000. ఇరవై శాతమైతే 2,400 వస్తుంది. యాభైకి రౌండైతే 6,000. కోరికల్లో ఈ వాక్యం మరిచిపోతే నెలకు 3,600 వదిలేసినట్టే.

11. కోర్టు మార్షల్ పని వస్తే. జనరల్, డిస్ట్రిక్ట్ కోర్టు మార్షళ్లలో ఆర్మీ రూల్స్‌కు లోబడి సివిల్ లాయరు వాదించవచ్చు. సమ్మరీ కోర్టు మార్షల్‌లో పక్కన కూర్చుని సలహా చెప్పవచ్చు, అడగాల్సిన ప్రశ్నలు రాసివ్వవచ్చు. లేచి మాట్లాడటానికి మాత్రం లేదు (129వ రూలు). ఫైలు అందగానే చూడాల్సినవి:
- నేరం జరిగిన తేదీ. ఆర్మీ చట్టం 122వ సెక్షను ప్రకారం మూడేళ్లు దాటిందా? మినహాయింపులు కూడా అందులోనే ఉన్నాయి, చదవండి.
- కోర్టు ఆఫ్ ఎంక్వైరీలో (ఏం జరిగిందో తేల్చే తొలి విచారణ) మనిషి ప్రతిష్ఠ మీద మాట వచ్చినప్పుడు అతన్ని ఆసాంతం కూర్చోబెట్టి, సాక్షుల్ని అడగనిచ్చారా (180వ రూలు)?
- కమాండింగ్ ఆఫీసర్ ముందు ఆరోపణ విచారణ నిజంగా జరిగిందా, కాగితం మీదేనా (22వ రూలు)?
- ఛార్జిషీటు చేతికిచ్చాక విచారణకు కనీసం 96 గంటల వ్యవధి ఇచ్చారా? యాక్టివ్ సర్వీసులో అయితే 24 గంటలు.
- సభ్యుల్లో ఎవరి మీదైనా అభ్యంతరం ఉందా? ప్రమాణం చేయించకముందే చెప్పాలి, తర్వాత వినరు.

తీర్పు వినగానే హడావిడి పడకండి. జనరల్, డిస్ట్రిక్ట్ తీర్పులు పై అధికారి ధ్రువీకరిస్తేగానీ చెల్లవు. ధ్రువీకరణకు ముందు ఒక పిటిషన్, తర్వాత ఇంకొకటి పెట్టుకునే హక్కు ఆర్మీ చట్టం 164వ సెక్షను ఇస్తుంది. మొదటిదాన్ని చాలామంది లాయర్లు వదిలేస్తారు. శిక్ష తగ్గించుకునే అవకాశం అక్కడే ఎక్కువ.

ఇంకో మాట. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (శిక్ష పడినప్పుడు సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో చేసే నమోదులు) పడ్డాయని ఇంటికి పంపేసిన జవాన్లు మీ దగ్గరికి వస్తారు. నాలుగు ఎంట్రీలున్నంత మాత్రాన డిశ్చార్జి చెయ్యడం చెల్లదనీ, ముందు విచారణ జరిపి అతని సర్వీసు మొత్తం తూచాలనీ వీరేంద్ర కుమార్ దూబే కేసులో (2015) సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ కాగితం అడగండి. లేకపోతే కేసు బలమైనదే.

12. ఆదేశం వచ్చాక. ఓడితే సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ముందు ట్రిబ్యునల్‌నే అనుమతి అడగాలి, అదీ 30 రోజుల్లో. సార్వజనిక ప్రాముఖ్యం ఉన్న న్యాయ ప్రశ్న ఉంటేనే ఇస్తారు. పెన్షన్ కేసులకు అది దొరకడం అరుదు. ట్రిబ్యునల్ ఆదేశం మీద హైకోర్టులో రిట్ వేసే దారి మూసుకుపోలేదని పరశోత్తమ్ దాస్ కేసులో (2023 మార్చి) తేలింది కాబట్టి ఇప్పుడు దాన్నే ఎక్కువగా వాడుతున్నారు. 2015 నాటి తీర్పు పట్టుకుని రిట్ కుదరదని క్లయింటుకు చెప్పకండి.

గెలిస్తే ధ్రువీకృత నకలు తీసుకుని రికార్డ్ ఆఫీసుకూ పీసీడీఏకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆదేశంలోని గడువు దాటితే ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షను కింద అమలు పిటిషన్ వెయ్యండి. కొత్త పీపీఓ రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో కనిపించగానే మూడు చూడండి. శాతం దగ్గర రౌండ్ చేసిన అంకె ఉందా, పాతదే ఉందా? మొదలయ్యే తేదీ ఆదేశంలోని తేదీయేనా, ఆదేశం వెలువడిన తేదీ వేశారా? బకాయి మొత్తం మీ లెక్కతో కలుస్తోందా? ఈ మూడింటిలో ఒకటి తప్పడం మామూలు విషయం. తప్పితే కొత్త కేసు అక్కర్లేదు, లెక్క కాగితం జతచేసి సవరణ పీపీఓ కోరుతూ లేఖ రాయండి. నెల దాటినా కదలిక లేకపోతే అమలు పిటిషన్‌లోనే ఆ కాగితం చూపించండి.